ఒకే కప్పు కింద మూడు కుంచెలు

బొమ్మలు వేయడం ఒంటరి పని అనుకుంటాం. నూట పాతికేళ్ల కిందట ఫిలడెల్ఫియాలో ముగ్గురు ఆడవాళ్లు ఆ పనిని కలిసి నేర్చుకున్నారు. కలిసి ఒకే ఇంట్లో బతికారు. ఆ తర్వాత ఎవరి గీత వాళ్లదే అయింది. ఇలస్ట్రేషన్ చదివే పిల్లలూ, వాళ్లకు పాఠాలు చెప్పేవాళ్లూ ఒకసారి తెలుసుకోవాల్సిన కథ ఇది.

ఒక కథకు ఇద్దరు బొమ్మలేస్తే ఏమవుతుంది? నాయిక ముక్కు ఒక పేజీలో ఒకలా, తర్వాతి పేజీలో ఇంకోలా ఉంటుంది. ఒకరి చేతిలో పల్లెటూరి పిల్లలా కనిపించిన అమ్మాయి మరొకరి చేతికి వెళ్లేసరికి రాణీగారిలా తయారవుతుంది. అందుకే పత్రికలవాళ్లు సాధారణంగా ఆ జోలికి పోరు. 1897లో అమెరికాలో ఒక మాస్టారు మాత్రం ఆ జోలికి పోయారు. లాంగ్‌ఫెలో కావ్యం ‘ఇవాంజెలిన్’ను హౌటన్ మిఫ్లిన్ సంస్థ కొత్త బొమ్మలతో వేస్తుంటే, ఆ పనిని తన క్లాసులోని ఇద్దరు విద్యార్థినులకు కలిపి ఇప్పించారు. ఒకరు జెస్సీ విల్‌కాక్స్ స్మిత్. అప్పటికి ముప్ఫై దాటిన మనిషి, ఉద్యోగం చేసి వచ్చింది. ఇంకొకరు వయొలెట్ ఓక్లీ. స్మిత్ కంటే పదకొండేళ్లు చిన్న, పారిస్‌లో కొంతకాలం నేర్చుకుని వచ్చింది.

ఆ కావ్యం నడిచేది విషాదంలో. 1755 ప్రాంతంలో, ఇప్పటి కెనడా తూర్పు తీరంలోని అకాడియా నుంచి ఫ్రెంచి రైతుల్ని బ్రిటిషువాళ్లు ఓడలెక్కించి తరిమేశారు. ఆ గందరగోళంలో పెళ్లి కావలసిన జంట విడిపోతుంది. ఆమె అతణ్ని వెతుకుతూ జీవితమంతా తిరుగుతుంది. ఇలాంటి కథకు ఇద్దరు బొమ్మలేయాలంటే ముందే తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. ఏ ఘట్టంలో ఆమెకు ఎన్నేళ్లు? తలకు చుట్టిన గుడ్డ ఎలాంటిది? ఓడరేవు సీను ఎవరిది, ఇంటి ముంగిలి ఎవరిది? ఒక్కరే వేసేటప్పుడు ఇవన్నీ బుర్రలోనే, సగం సగంగా తేలిపోతాయి. పక్కన ఇంకొకరుంటే నోరు విప్పి చెప్పాలి, కారణం చూపాలి, ఒక్కోసారి ఒప్పుకోవాలి. మనకు జంట అనగానే బాపు-రమణలు గుర్తొస్తారు. అక్కడ రాత ఒకరిది, గీత ఒకరిది, మధ్యన పొలం గట్టు ఉన్నట్టే లెక్క. ఇక్కడ ఇద్దరిదీ గీతే. ఆ గట్టు ఎక్కడ వేయాలో వాళ్లే చూసుకోవాలి.

ఆ మాస్టారి పేరు హోవర్డ్ పైల్.

శనివారం క్లాసు

పైల్ అప్పటికే పెద్ద పేరు. రాబిన్ హుడ్ కథల్ని తనే రాసి, తనే బొమ్మలేసి 1883లో పుస్తకంగా తెచ్చినవాడు. ‘హార్పర్స్’ పత్రికలో వచ్చిన ఆయన బొమ్మలు చూసి వాన్ గో తమ్ముడికి ఉత్తరంలో మెచ్చుకున్నాడు. అంతటివాడు 1894లో ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ ఇన్‌స్టిట్యూట్‌లో శనివారం మధ్యాహ్నాలు ఇలస్ట్రేషన్ పాఠం మొదలుపెట్టారు. ఆ ఊళ్లో అలాంటి క్లాసు పుట్టడంలో వింతేమీ లేదు. ‘లేడీస్ హోమ్ జర్నల్’ అక్కడిదే, ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ అక్కడిదే. చెక్కమీద చెక్కి అచ్చేసే పద్ధతి పోయి హాఫ్‌టోన్ వచ్చాక, వేసిన బొమ్మ వేసినట్టు పేజీ మీదికి ఎక్కుతోంది. పత్రికలకు బొమ్మలు కావాలి. చదువుకున్న అమ్మాయిలకు పని కావాలి.

స్మిత్ ఆ క్లాసుకు వచ్చిన దారి వంకర టింకరగా ఉంటుంది. ఆమె మొదట కిండర్‌గార్టెన్ టీచరు. పరిచయస్తురాలు ఒకామె ఒక కుర్రాడికి డ్రాయింగ్ పాఠం చెబుతుంటే, ఆనాటి మర్యాద ప్రకారం తోడుగా కూర్చోవడానికి వెళ్లింది. ఊరికే ఎందుకని బల్లమీదున్న దీపాన్ని గీసింది. అది చూసినవాళ్లు నువ్వు నేర్చుకోవాల్సిందేనన్నారు. అలా 1885లో పెన్సిల్వేనియా అకాడమీలో చేరి, థామస్ ఈకిన్స్ దగ్గర నేర్చుకుంది. శరీర నిర్మాణం, నగ్న మోడళ్లు, కఠినమైన అభ్యాసం... అన్నీ అయ్యాయి. బయటికొచ్చాక దొరికిన ఉద్యోగం మాత్రం ‘లేడీస్ హోమ్ జర్నల్’ ప్రకటనల విభాగంలో. ఇతరుల చిత్తు బొమ్మల్ని తీర్చిదిద్దడం, అంచుల డిజైన్లు గీయడం, సబ్బుల ప్రకటనల్లాంటివి సిద్ధం చేయడం. డ్రెక్సెల్ క్లాసు శనివారం పెట్టారు కాబట్టి సరిపోయింది, ఉద్యోగం మానకుండా చేరింది.

అకాడమీకీ ఈ క్లాసుకీ తేడా ఎక్కడుంది? అకాడమీలో ఎదుట నిలబడ్డ మోడల్ని చూసి గీయాలి. పైల్ దగ్గర ఎదుట ఎవరూ లేని ఘట్టాన్ని గీయాలి. విద్యార్థులు ఇంటి దగ్గర బొగ్గుతో కంపోజిషన్లు వేసుకుని తెస్తారు. వాటిని అందరికీ కనిపించేలా పెట్టి, ఆయన ఒక్కొక్కదాని ముందూ నిలబడి మాట్లాడతారు. కాలు సరిగా వచ్చిందా, చేయి సరిగా వచ్చిందా అన్నది రెండో సంగతి. ఈ మనిషికి చలేస్తోందా? తలుపు అవతల ఏముందో నీకు తెలుసా? తెలియకపోతే చూసేవాడికి ఎలా తెలుస్తుంది? చిత్రకారుడు ముందు ఆ సన్నివేశంలోకి వెళ్లి బతకాలి, ఆ తర్వాతే గీయాలి అన్నది ఆయన బోధనలో మూలమాట.

ఈ పద్ధతిలో ఒక కిటుకు ఉంది. దిద్దుబాటు చెవిలో చెప్పరు, నలుగురి ముందూ చెబుతారు. పక్కవాడి బొమ్మలోని లోపం విన్నప్పుడు మన బొమ్మలో అదే లోపం దానంతటదే కళ్లకు కడుతుంది. నా మటుకు, సామూహిక ప్రాజెక్టు అనేది అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఒకే కాగితం మీద ఇద్దరు గీయడం తర్వాతి మాట. ఒకరి పచ్చి పనిని ఇంకొకరు చూడగలగడం ముందు. ఇప్పటి ఆర్ట్ కాలేజీల్లో గ్రూప్ ప్రాజెక్టు అంటే నలుగురు పని పంచుకుని, చివరి రాత్రి అతికించి ఇవ్వడంగా మిగిలిపోతోంది. బ్యాక్‌గ్రౌండ్లు ఒకరు, పాత్రలు ఒకరు, రంగులు ఒకరు. మార్కులొస్తాయి, కానీ పక్కవాడు ఎందుకలా గీశాడో ఎవరూ అడగరు.

స్టూడియో అద్దె

‘ఇవాంజెలిన్’ వచ్చిన సంవత్సరమే ఈ ఇద్దరికీ డ్రెక్సెల్‌లో మూడో మనిషి కలిసింది. ఎలిజబెత్ షిపెన్ గ్రీన్. ఆమెది బొమ్మల ఇల్లు. తండ్రి జాస్పర్ గ్రీన్ అంతర్యుద్ధ కాలంలో యుద్ధరంగం నుంచి ‘హార్పర్స్ వీక్లీ’కి బొమ్మలు పంపినవాడు. కూతురు ఇరవై నిండకముందే పత్రికల్లో బొమ్మలు వేసి సంపాదించడం మొదలుపెట్టింది. వీళ్లు చెస్ట్‌నట్ వీధిలో స్టూడియో ఒకటి పంచుకున్నారు. దాని వెనక పెద్ద ఆశయమేదో ఉందనుకోనక్కర్లేదు. అద్దె పంచుకుంటే తేలిక, అంతే. ఓక్లీ ఇంట్లో తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, చదువు మధ్యలో ఆపి సంపాదనలో పడాల్సి వచ్చింది. గ్రీన్‌కు తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యత ఉంది. ఎవరి వెనకా ఆస్తులు లేవు.

కొత్త శతాబ్దం మొదట్లో ఊరి బయట విలనోవాలో ‘రెడ్ రోజ్ ఇన్’ అనే పాత సత్రం అద్దెకు దొరికింది. తోటలు, పెద్ద గదులు, వెలుతురు. ముగ్గురూ అక్కడికి మకాం మార్చారు. వెంట నాలుగో స్నేహితురాలు హెన్రియెటా కజెన్స్. గ్రీన్ తల్లిదండ్రులు, ఓక్లీ తల్లి కూడా అక్కడికే చేరారు. పైల్ వీళ్లకు ‘రెడ్ రోజ్ గర్ల్స్’ అని పేరు పెట్టారు. అది అలాగే నిలిచిపోయింది.

కజెన్స్ గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. ఆమె బొమ్మలు వేయదు. ఇల్లు నడిపేది, తోట చూసేది ఆమే. ఆ రోజుల్లో మగ చిత్రకారుడికి ఇంట్లో భార్య ఉండేది. వంట, పిల్లలు, వచ్చేపోయేవాళ్లు, బాకీలవాళ్లు అన్నీ ఆమె చూసుకుంటే ఆయన స్టూడియో తలుపు వేసుకునేవాడు. ఆడవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. ఆ ఖాళీని కజెన్స్ నింపింది. కళాచరిత్ర పుస్తకాల్లో ఆమెకు ఒకటో రెండో వాక్యాలు దక్కుతాయి. నన్నడిగితే ఈ నలుగురి ఉమ్మడి పనిలో అతి కష్టమైన వాటా ఆమెదే.

ఇక పైల్ సంగతి. ఆడపిల్లలకు మనసుపెట్టి నేర్పాడు, పని ఇప్పించాడు. పెళ్లయితే ఆడదాని కళాజీవితం ముగిసినట్టేనని నమ్మినవాడూ ఆయనే. 1900లో డ్రెక్సెల్ వదిలి విల్మింగ్టన్‌లో సొంత బడి పెట్టాక అక్కడ మగపిల్లలకే పెద్దపీట. మాస్టారిలోని ఈ రెండు ముఖాలూ ఈ ముగ్గురికీ తెలుసు. జీవితాంతం కలిసే ఉందామని వాళ్లు చేసుకున్న ఒప్పందంలో ఆ ఎరుక కూడా ఉండే ఉంటుంది.

ఒకరికొకరు మోడళ్లు

బయటి మోడల్‌ను పెట్టుకుంటే డబ్బివ్వాలి. ఇంట్లోవాళ్లయితే ఉట్టిపుణ్యానికి నిలబడతారు. వీళ్లు ఒకరి బొమ్మకు ఒకరు మోడళ్లయ్యారు. ఫలానా చీకటి మెట్ల మీద దీపం పట్టుకుని దిగే మనిషి కావాలంటే, పక్కగదిలో కుంచె కడుక్కుంటున్నామెను పిలిస్తే సరి. 1904లో ‘హార్పర్స్’ కోసం గ్రీన్ వేసిన ఒక బొమ్మలో ఈ తోట, ఈ స్నేహబృందమే కనిపిస్తాయి. ఇలా నిలబడినవాళ్లకు ఒక లాభం ఉంది. బొమ్మలో ఆ భంగిమ ఎలా మారిందో వాళ్లు చూస్తారు. తమ ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో వాళ్లకు తెలుసు కాబట్టి, కాగితం మీద తప్పు పడితే వాళ్లే మొదట పట్టేస్తారు.

అక్కడున్నప్పుడే స్మిత్, గ్రీన్ కలిసి ‘ది చైల్డ్’ అనే క్యాలెండరు వేశారు, 1903 సంవత్సరానికి. పిల్లల బొమ్మలే. ఇది మాస్టారు ఇచ్చిన హోంవర్కు కాదు, ఇద్దరూ తామే పూనుకున్న పని. జనం ఎంత ఇష్టపడ్డారంటే, ఆ బొమ్మలకు గేయాలు రాయించి ‘ది బుక్ ఆఫ్ ది చైల్డ్’ అని పుస్తకంగా కూడా వేశారు. సాధారణంగా రాత ముందు, గీత వెనక. ఇక్కడ తిరగబడింది.

ఆ ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరిది ఇంకొకరికి ఎంత అంటిందో తెలుస్తుంది. గ్రీన్ బొగ్గుతో గట్టి గీత గీసి, దానిమీద నీటిరంగులు పలచగా పరిచేది. అద్దాల కిటికీల్లో సీసపు పట్టీల మధ్య రంగు నిలబడినట్టు నల్లటి అంచు లోపల రంగు నిలబడుతుంది. స్మిత్ బొమ్మల్లోనూ అదే కాలంలో అంచు గట్టిపడింది, రంగు చదునైంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో తేల్చడం కష్టం, తేల్చాల్సిన పనీ లేదు. ఇప్పటి విద్యార్థులకు పెద్ద భయం ఇదే కదా: ‘స్నేహితుల ప్రభావం పడితే నా స్టైల్ పోతుందేమో’. సోషల్ మీడియాలో వేలమంది స్టైల్ రోజూ కళ్లలో పడుతుంటే పోనిది, పక్కనున్న ఇద్దరి వల్ల పోతుందా?

గోడ పిలిచింది

ఒంటరిగా చేయాల్సిన పని మొదట వచ్చింది ఓక్లీకి. ఆమె కంపోజిషన్లలో పుస్తకం పేజీకి మించిన విస్తీర్ణం ఉందని పైల్ ముందే పసిగట్టి, పెద్ద పనులవైపు ప్రోత్సహించాడు. న్యూయార్క్‌లో ఒక చర్చికి పనిచేసింది. ఆ తర్వాత 1902లో పెన్సిల్వేనియా రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో కడుతున్న కొత్త క్యాపిటల్ భవనంలో గవర్నర్ రిసెప్షన్ గదికి కుడ్యచిత్రాలు వేయమని పిలుపు వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. అమెరికాలో ఒక ప్రభుత్వ భవనానికి ఇంత పెద్ద పని ఒక స్త్రీకి ఇవ్వడం అదే మొదలు.

ఒప్పుకోగానే కుంచె పట్టలేదామె. తల్లిని వెంటబెట్టుకుని ఇంగ్లండ్ వెళ్లింది. రాష్ట్రానికి పునాది వేసిన విలియం పెన్ పుట్టి పెరిగిన చోట్లు, ఆయన జైలుపాలైన కథ, ఆయన మతశాఖ క్వేకర్ల బట్టలు, పాత పుస్తకాలు అన్నీ తిరిగి చూసుకుంది. తలుపు అవతల ఏముందో తెలియందే గీయకూడదన్న శనివారం క్లాసు పాఠం ఇక్కడ పనిచేసింది. 13 చిత్రాల వరస అది. గోడమీద నేరుగా వేసేది కాదు, స్టూడియోలో పెద్ద కాన్వాసుల మీద వేసి తీసుకెళ్లి గోడకు అతికించేది. 1906లో పూర్తయింది.

పుస్తకానికి బొమ్మ వేయడం వేరు, గోడకు వేయడం వేరు. పుస్తకాన్ని చదివేవాడు ఒళ్లో పెట్టుకుంటాడు, పేజీ తిప్పేస్తాడు. గోడను గదికి అటు చివర నుంచి, తల ఎత్తి చూస్తారు. దగ్గరికి వస్తే ఒక కథ చెప్పాలి, దూరం నుంచి చూస్తే ఇంకో కథ. వీటిని ఏ స్నేహితురాలూ చెప్పి నేర్పలేదు. వేసి, దూరం వెళ్లి చూసి, తుడిచి, మళ్లీ వేసి నేర్చుకోవాలి. 1911లో ఎడ్విన్ ఆస్టిన్ ఆబీ అనే పేరున్న చిత్రకారుడు చనిపోయాక, ఆయన చేయాల్సిన సెనేట్ చాంబర్, సుప్రీంకోర్టు గదుల పని కూడా ఓక్లీకే వచ్చింది. అది 1927 దాకా సాగింది. మొత్తం మూడు గదులు, 43 చిత్రాలు.

ఇల్లు మారడం మధ్యలోనే జరిగింది. విలనోవా సత్రం చేతులు మారడంతో, ఫిలడెల్ఫియాలోని మౌంట్ ఎయిరీలో వేరే ఇంటికి వెళ్లారు. కజెన్స్, ఓక్లీ, గ్రీన్, స్మిత్ ఇంటిపేర్ల మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపి, చివర ‘లీ’ చేర్చి దానికి ‘కాగ్స్‌లీ’ అని పేరు పెట్టుకున్నారు.

ఒప్పందం తెగింది

గ్రీన్‌కు 1901లో ‘హార్పర్స్’ మాసపత్రికతో ప్రత్యేక ఒప్పందం కుదిరింది. రెండు దశాబ్దాలకు పైగా ఆ పత్రికకు వేసింది. ఏటా వచ్చిపడే రకరకాల కథలు... మధ్యయుగపు కోటలు, నిన్నమొన్నటి డ్రాయింగ్ రూములు, దేవకన్యలు. ఈ ముగ్గురిలో ఏ రకం బొమ్మైనా వేయగల నేర్పు ఎక్కువ ఉన్నది ఆమెకే. 1911లో హ్యూగర్ ఎలియట్‌ను పెళ్లాడి ఇంట్లోంచి వెళ్లిపోయింది. నిశ్చితార్థమై చాలా ఏళ్లయినా, పెద్దవాళ్లిద్దరూ పోయేదాకా ఆగింది. మిగిలిన ఇద్దరికీ అది దెబ్బే. కానీ పెళ్లితో కళ ఆగలేదు, ‘హార్పర్స్’కు వేస్తూనే ఉంది. మాస్టారి జోస్యం తప్పింది. 1947లో, డెబ్బై అయిదు దాటాక, భర్త రాసిన పద్యాలకు తను బొమ్మలేసి ఇద్దరూ ఒక అక్షరమాల పుస్తకం తెచ్చారు. పెద్దవాళ్ల కోసం రాసిన అల్లరి పుస్తకం.

స్మిత్ తన లోకాన్ని పిల్లల్లో కనుక్కుంది. స్టీవెన్సన్ ‘ఎ చైల్డ్స్ గార్డెన్ ఆఫ్ వర్సెస్’కు 1905లో, కింగ్‌స్లీ ‘ది వాటర్ బేబీస్’కు 1916లో వేసిన బొమ్మలు ఇప్పటికీ అచ్చవుతున్నాయి. 1917 డిసెంబరు నుంచి 1933 దాకా ‘గుడ్ హౌస్‌కీపింగ్’ ముఖచిత్రాలు ఆమెవే. పదిహేనేళ్లకు పైగా, నెలనెలా. డబ్బుకు నిలబడే మోడల్ పిల్లలు ఆమెకు నచ్చేవారు కాదు. స్నేహితుల పిల్లల్ని తోటలో ఆడుకోనిచ్చి, తను దూరంగా కూర్చుని గీసేది. వాళ్లను కాసేపు కుదురుగా ఉంచాలంటే కథ చెప్పేది. కథ చెప్పేవాళ్ల ముఖంలోకి పిల్లలు ఎలా చూస్తారో ఆమెకు బాగా తెలుసు. కాకపోతే కథా చెప్పాలి, బొమ్మా వేయాలి, రెండూ ఒకేసారి కుదరవని ఆమె బాధ. కిండర్‌గార్టెన్ ఉద్యోగం వృథా పోలేదన్నమాట.

ఆమె బొమ్మలు మరీ తీపి అని ముఖం చిట్లించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఆ పిల్లలకు చీమిడి ముక్కులుండవు, మోకాళ్లకు దోకుడు గాయాలుండవు. నెలనెలా ఒకే పత్రికకు, ఒకే రకం పాఠకులకు వేసేవాళ్లకు ఉండే ప్రమాదం అది. పక్కగదిలోంచి వచ్చి ‘మళ్లీ అదే బుగ్గ వేశావేంటి’ అనే మనిషి లేకపోవడం కూడా ఒక కారణమేమో. 1913 తర్వాత ఆమె కాగ్స్‌లీ పక్కనే వేరే ఇల్లు కట్టించుకుంది. కజెన్స్ ఆమెతో వెళ్లింది. పెళ్లి చేసుకోలేదు. బంధువుల పిల్లలు పదకొండుమందిని తన సంపాదనతోనే సాకింది. 1935లో చనిపోయింది.

కాగ్స్‌లీలో మిగిలిన ఓక్లీ, పెన్సిల్వేనియా అకాడమీలో పాఠాలు చెప్పేటప్పుడు పరిచయమైన ఎడిత్ ఎమర్సన్ అనే శిష్యురాలిని ఇంటికి తెచ్చుకుంది. ఎమర్సన్ మొదట పనిలో సాయం చేసింది. తర్వాత సొంతంగా పేరు తెచ్చుకుని, ఫిలడెల్ఫియాలోని వుడ్‌మియర్ ఆర్ట్ మ్యూజియంను దశాబ్దాలపాటు నడిపింది. ఓక్లీ పనుల్లో పెద్ద భాగం ఇప్పుడు అక్కడే ఉంది.

‘వాటర్ బేబీస్’ అసలు బొమ్మలను స్మిత్ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు రాసిచ్చింది. గ్రీన్ ‘హార్పర్స్’ బొమ్మలు కూడా అక్కడ చాలా ఉన్నాయి. ఆ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో వీటిని ఉచితంగా, పెద్దవి చేసుకుని చూడొచ్చు. చూసేటప్పుడు ముందు గ్రీన్‌వి, ఆ వెంటనే స్మిత్‌వి తెరవండి. సంతకం మీద వేలు పెట్టి ఎవరిదో చెప్పడానికి ప్రయత్నించండి. 1903 దగ్గర తడబడతారు. 1916కు వచ్చేసరికి సంతకం అవసరం ఉండదు.